రెండంగుళాలు తక్కువ

లైబ్రేరియన్ గారు రెండు చేతులూ ముందుకు చాచి అద్దం ముందు నిలబడింది. కోటు చేతులు ఆవిడ మణికట్టు దాకా రాలేదు. రెండంగుళాలు ఇవతలే ఆగిపోయాయి.

మా ఆయన ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి చూస్తున్నారు. కోడలి పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. వాటిని తియ్యాలన్న సంగతే దానికి గుర్తులేదు. కిటికీ దగ్గర పాత కోటుకు బొత్తాలు ఊడదీస్తున్న మా అత్తగారు ఒకసారి తలెత్తి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ తల దించుకుంది.

నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మా ఇల్లు పైన, కుట్టుకొట్టు కింద. ఆరు వారాలపాటు కొట్లో కాలు పెట్టనని మూడు రోజుల క్రితం అందరి ముందూ ఒట్టేసినదాన్ని. అయితే కింద నుంచి నాలుగో మెట్టు కొట్లోది కాదనీ, ఇంట్లోదనీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

"ఇది మా అమ్మ కోటు," అంది లైబ్రేరియన్ గారు అద్దంలో తనని తాను చూసుకుంటూ. "ఆవిడ నాకంటే పొడుగు. అందుకే కాస్త కురచ చెయ్యమన్నాను. మరీ ఇంత అనలేదు."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి జవాబు చెప్పడం మాకందరికీ వచ్చు. వాళ్ళమ్మ పోయి ఆరు నెలలైందట. వేసవంతా ఆ బీరువా తలుపు తియ్యడానికి చెయ్యి రాలేదట. వేరే ఊళ్ళో పెద్ద లైబ్రరీలో ఉద్యోగం వచ్చాక, మొదటి రోజు అమ్మ కోటు వేసుకుని వెళ్ళాలని అనుకుందట. ఇదంతా ఆవిడ మెల్లగా చెప్పి, కోటు విప్పి, బల్ల మీద జాగ్రత్తగా పరిచింది. రేపు పొద్దున పదింటికి రైలు, ఈరోజు సాయంత్రం ఐదింటికి మళ్ళీ వస్తానంది.

తలుపు తీసుకుని ఆవిడ బయటికి వెళ్తుంటే గాలికి నాలుగు పసుపు ఆకులు కొట్లోకి వచ్చి పడ్డాయి. వాటిని ఊడ్చే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి ఒప్పుకోవాలి. ఆ పొట్టి చేతులు చూడగానే నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. చూశారా, నేను లేకపోతే ఇంతే, అనుకున్నాను. కోడలి మొహం పాలిపోయి ఉంది, పరాయి మనిషి తల్లి జ్ఞాపకం బల్ల మీద పాడై పడి ఉంది, నాకేమో సంతోషం. యాభై ఆరేళ్ళు వచ్చినా మనిషికి తన గురించి తనకు తెలియని సంగతులు ఇంకా మిగిలే ఉంటాయి.

ఈ మూడు రోజులూ నేనేం వెలగబెట్టానని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి రోజు ఎనిమిదింటి దాకా పడుకున్నాను. లేచాక దొంగతనం చేసినదానిలా ఇల్లంతా తిరిగాను. రెండో రోజు పార్కుకు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుడిచేతికి బొటనవేలు కదలకుండా డాక్టరు వేసిన గట్టి పట్టీ ఉంది కాబట్టి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను, ఎడమ చేత్తో టీ తాగాను. వేడిగా తాగాను. కొట్లో నా టీ ఎప్పుడూ మిషను పక్కన చల్లారి, మీద తెట్టు కట్టి ఉంటుంది. వేడి టీకి ఒక వాసన ఉంటుందని నేను మర్చిపోయాను.

అది తలుచుకుంటూ మూడో రోజు కూడా పార్కుకు పోదామని బయల్దేరి, కొట్లో మాటలు వినపడి, నాలుగో మెట్టు మీద కూలబడ్డాను.

"విన్నావుగా," అన్నారు మా ఆయన మెట్ల వైపు తిరిగి. "ఇంకా అక్కడే కూర్చుంటావా?"

"డాక్టరు చెప్పింది మీరూ విన్నారుగా," అన్నాను.

విన్నారట, కాదనడం లేదట. కానీ డాక్టరు చెప్పేవన్నీ పట్టుకుని కూర్చుంటే లోకంలో ఏ పనీ జరగదట. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు, అందులో ఒక్క గంట ఎంతట. పైగా ఇది ఏడాదిలో మాకు ఊపిరాడని కాలం. చెట్ల ఆకులు పసుపెక్కగానే ఊరందరికీ బీరువాల్లో కోట్లు గుర్తొస్తాయి. ఒకరు లావెక్కి ఉంటారు, ఒకరు చిక్కి ఉంటారు, పిల్లలు ఎదిగి ఉంటారు. ఇప్పుడు ఒక కోటు పాడైందని ఊళ్ళో పడితే, ఇరవై ఎనిమిదేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుందని ఆయన బాధ. ఆ బాధలో అబద్ధం లేదు.

"నేనే కుడతాను మావయ్యా," అంది కోడలు సూదులు నోట్లోంచి తీసి. "తప్పు నాది. నేనే సరిచేస్తాను."

"కోసిన గుడ్డని ఎలా సరిచేస్తావమ్మా? అది గోరా, మళ్ళీ పెరగడానికి?"

కోడలు తల వంచుకుంది. దానికి నోట్లో నాలుక లేదని కాదు. మా అబ్బాయిది రైళ్ళ మీద ఉద్యోగం, వారానికి ఒక రోజు ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్క రోజూ వాడికి ఊపిరి సలపకుండా మాట్లాడేది ఇదే. కొట్లో మాత్రం మూడేళ్ళుగా మేమేం చెబితే అది వింటూ, నా చేతుల్ని చూస్తూ పని నేర్చుకుంది.

నేను లేచాను. మూడు మెట్లు దిగాను. ఒట్టు గట్టు మీద పెట్టి కొట్లోకి అడుగు పెట్టాను.

ఎవరూ వద్దనలేదు. మా ఆయన గబగబా నా కుర్చీ లాగి వేశారు. ఎడమ చేత్తో పట్టీకి ఉన్న మొదటి ముడి విప్పుతూ, "చీటీ ఏదీ?" అన్నాను.

మా కొట్లో ఏ గుడ్డయినా కొలత రాసిన చీటీ లేకుండా బల్ల ఎక్కదు. కోడలు చీటీ అందించింది. గుండ్రటి అక్షరాలతో చెయ్యి పొడవు ఇరవై అని రాసి ఉంది. కోటు చెయ్యి కొలిచి చూపించింది. సరిగ్గా ఇరవై. రాసినదానికీ కోసినదానికీ నూలుపోగంత తేడా లేదు.

"మరి ఆవిడ చెయ్యి ఎవరు కొలిచారు?"

"నేనే. మీరు పైకి వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున."

కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొలిచావని అడగబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు దాని మెడలో ఉన్న టేపు కనపడింది. కొత్తది, పసుపు రంగుది, ఇంకా మడతలు కూడా పోలేదు.

"అదెక్కడిది?"

"కొనుక్కున్నాను అత్తయ్యా."

"నాదేమైంది?"

అది నా మిషను పక్కన మేకుకు వేలాడుతోంది. మూడు రోజుల క్రితం నేను తగిలించిన చోటనే, తగిలించిన తీరుగానే ఉంది.

"మీ వస్తువులు ఎవరినీ ముట్టుకోవద్దన్నారు కదా," అంది కోడలు.

అన్నాను. ఆరోజు నా విశ్రాంతి గురించి జరిగిన గొడవలో చాలా అన్నాను. నేను చచ్చానని అనుకోండి, నా కత్తెర, నా టేపు, నా కుర్చీ ఎవరూ ముట్టుకోకండి అని అరిచి పైకి వెళ్ళాను. కోపంలో అన్న మాట ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. ఇది పట్టించుకుంది.

"ఆ టేపులో ఆవిడ చెయ్యి ఎంత వచ్చింది?"

"ఇరవై రెండు."

"మరి చీటీలో ఇరవై అని ఎందుకు రాశావు?"

"రెండు తీసేశాను కదా..." అంటూ ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి నా వంక చూసింది. తర్వాత మెడలో ఉన్న టేపు చివర పట్టుకుని చూసుకుంది. అక్కడ ఒకటో అంకె ఉంది. దాని పక్కన రెండు కూడా ఉంది.

నా టేపుకు ఆ రెండూ లేవు. పదిహేనేళ్ళ కింద మా ఆయన ఎవరితోనో కబుర్లు చెబుతూ దాని చివర మీద ఇస్త్రీ పెట్టె పెట్టారు. మాడిన రెండంగుళాలు నేనే కత్తిరించేశాను. వచ్చే నెల కొత్తది కొందాంలే అనుకున్నాను. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు. అప్పటి నుంచి మా కొట్లో కొలిచిన ప్రతి కొలతలోనూ రెండు తీసేసి రాస్తాం. మా ఆయనకు తెలుసు, మా అత్తగారికి తెలుసు. కోడలు వచ్చిన మొదటి రోజు నేను దానికి నేర్పిన మొదటి పాఠం అదే. ఎంత వస్తే అంతలోంచి రెండు తీసెయ్, అని. మూడేళ్ళుగా తీసేస్తోంది. కొత్త టేపుతో సరిగ్గా కొలిచి, పాత అలవాటుతో రెండు తీసేసి, ఆ ఇరవైకే పొల్లుపోకుండా కోసింది.

"అయితే తప్పు టేపుదన్నమాట," అన్నారు మా ఆయన. ఆయన గొంతులో కాస్త తేలిక వచ్చింది.

"టేపుకేం తెలుసండీ పాపం? తప్పు నాది," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఈ కొట్లో ఇంతకుముందు ఎవరూ విన్నట్టు లేరు. మా అత్తగారు బొత్తాలు ఊడదియ్యడం ఆపింది. నేను ఆగలేదు. ఒక కొత్త టేపు కొనడానికి పదిహేనేళ్ళు బద్ధకించింది నేను, ఆ వంకర లెక్క పిల్లకు నేర్పింది నేను, ముట్టుకోవద్దని అరిచింది నేను. పిల్ల చేసిన తప్పేమైనా ఉంటే, నా మాట విని తప్పు చేసింది. ఇదంతా నేను కోడలి మొహంలోకి చూసే చెప్పాను. కాసేపటి క్రితం నాకు కలిగిన సంతోషం గురించి మాత్రం చెప్పలేకపోయాను. అంత ధైర్యం రాలేదు.

కోడలు కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

మా ఆయన మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. "తప్పు ఎవరిదైతే ఏంటోయ్, ఇప్పుడు కుట్టాల్సింది నువ్వే. ఎలాగూ కిందికి వచ్చావు, ఎలాగూ ముడి విప్పావు. ఒక్క గంట. ఆ తర్వాత ఆరు వారాలు కాదు, అరవై వారాలు పడుకో, అడిగితే ఒట్టు."

ఆయన కత్తెర తీసి నా ముందు పెట్టారు. నా కత్తెర. పిడికి నా బొటనవేలు పట్టిన చోట నల్లరంగు పోయి ఇనుము మెరుస్తూ ఉంటుంది. దాన్ని చూస్తే నాకు ఎంత ఆశ వేసిందో చెప్పలేను. రెండో ముడి విప్పాను. పట్టీ వదులై బొటనవేలు బయటికి వచ్చింది. కత్తెర పిడిలో వేలు పెట్టి, బల్ల మీద నుంచి ఎత్తాను.

ఎత్తానని అనుకున్నాను. నొప్పి మణికట్టు నుంచి మోచేతి దాకా సర్రున పాకింది. కత్తెర బల్ల మీదే ఉంది. నేను పళ్ళు బిగపట్టుకుని, మొహం మామూలుగా పెట్టుకున్నాను. అందులో నాకు చాలా అనుభవం ఉంది.

"ఏం, నొప్పిగా ఉందా?" అన్నారు ఆయన.

కొంచెం అనబోయాను. ఎప్పుడూ అదే అంటాను. పోయిన వారం డాక్టరు కూడా అడిగింది, పదిలో ఎంత నొప్పి ఉందమ్మా అని. ఆరు అన్నాను. ఆవిడ రాసుకుంది. అది నిజం కాదని నాకు అప్పుడే తెలుసు. ఎందుకు అలా చెప్పానో ఆ క్షణం దాకా తెలియదు. మేకుకు వేలాడుతున్న టేపు వైపు చూశాను.

"ఎనిమిది," అన్నాను.

"ఏంటి ఎనిమిది?"

"నొప్పి. పదికి ఎనిమిది. డాక్టరుకు ఆరని చెప్పాను. మీకు అదీ చెప్పలేదు. ఏడాది నుంచి రాత్రిళ్ళు ఈ చెయ్యి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. ఇప్పుడు దీనికి విశ్రాంతి ఇవ్వకపోతే ఈ వేలు ఇక కత్తెర పట్టదని ఆవిడ చెప్పింది. కోటు పని గంటసేపే, నిజమే. ఆ తర్వాత నేను ఇంకెప్పుడూ కుట్టలేను."

ఆయన నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, విప్పిన రెండు ముళ్ళూ మళ్ళీ వేశారు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని పట్టుకుని ఆయన వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. అయినా ముడి సుతారంగానే పడింది. కత్తెర తీసి కోడలి వైపు జరిపి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. కోపమో బాధో వీపు చూస్తే తెలియలేదు.

బల్ల మీద కోటు అలాగే ఉంది.

"అందరూ అయిపోయారా?" అంది మా అత్తగారు.

ఎనభై రెండేళ్ళ మనిషి. ఆవిడకు నేను ఇప్పటికీ పిల్లనే. "ఏమే పిల్లా, కోసిన ముక్కలు ఏమయ్యాయని ఒక్కళ్ళయినా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఆవిడ కుర్చీ కింద నుంచి తన గుడ్డసంచీ లాగి, చెయ్యి పెట్టి, రెండు ముక్కలు తీసింది. లైబ్రేరియన్ గారి కోటు ముక్కలే. ఒక్కోటీ మూడున్నర అంగుళాల వెడల్పు, నలగకుండా చుట్టి, దారం కట్టి ఉన్నాయి. నేల మీద పడ్డ ప్రతి ముక్కనూ ఆవిడ ఏరుతుందని మేమంతా వేళాకోళం చేస్తాం.

"ఇంతసేపూ చెప్పకుండా ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు మా ఆయన.

"మీ నాటకం చూస్తున్నానురా. మధ్యలో లేస్తే బాగుండదని కూర్చున్నా."

ఆ మాటకు అందరం నవ్వాం, గది గాలి మారింది. కోడలు ముక్కలు తీసుకుని చేతులకు ఆనించి చూసింది. అతుక్కు అరంగుళం, మడతకు అంగుళం పోయినా ఇరవై రెండు వస్తుంది. కానీ అతుకు కనపడుతుంది. పైన ఏదైనా పట్టీలా వేసి కప్పాలి. ఈ రంగు గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?

నాకు వెంటనే తట్టింది. పైన బీరువా అడుగున బూడిద రంగు ఉన్ని గుడ్డ ఉంది. పన్నెండేళ్ళ కింద నా కోటు కోసం కొనుక్కున్నది. ప్రతి ఏడూ ఆకులు రాలే వేళకు తీసి చూస్తాను, ఈ ఏడు తప్పకుండా అనుకుంటాను, ఇంతలో ఊరి కోట్లన్నీ వచ్చి పడతాయి. ఊరందరికీ కోట్లు సరిచేసే నేను చలికాలమంతా మా ఆయన పాత స్వెట్టరుతో గడిపేస్తాను.

"నా గుడ్డ ఉందిగా. రంగు దగ్గరగా ఉంటుంది. అందులోంచి రెండు పేలికలు కొయ్యి," అన్నాను.

"వద్దు," అంది కోడలు.

మూడేళ్ళలో అది నాకు వద్దు అని చెప్పడం అదే మొదటిసారి. దానికే భయం వేసినట్టుంది, గొంతు తగ్గించింది. "అది మీ కోటు గుడ్డ అత్తయ్యా. దాని మీద కత్తెర పడితే మీ కోటు కోసమే పడాలి. దీనికి దీని గుడ్డే ఉంది. నడుం బెల్టు."

నేను కోటు నడుం వైపు చూశాను. నిజమే, అదే గుడ్డతో రెండంగుళాల వెడల్పు బెల్టు, వాడకుండా కొత్తగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న నాకు అది తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే నాకు ఏ చిక్కు వచ్చినా ముందు నాది తీసి ఇవ్వడమే అలవాటు.

కోడలు లైబ్రేరియన్ గారికి ఫోన్ చేసింది. జరిగింది దాచకుండా చెప్పింది, టేపు కథతో సహా. అవతల నుంచి నవ్వు వినపడింది. ఆ బెల్టు వాళ్ళమ్మ కూడా ఎప్పుడూ కట్టుకోలేదట, వెనక వేలాడుతూ ప్రతి తలుపులోనూ ఇరుక్కునేదట. కొయ్యమంది.

ఆ మధ్యాహ్నం నేను పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి అడ్డంగా పెట్టుకున్నాను. మొదట్లో అడుగడుక్కీ చెప్పాను. అక్కడ కాదు ఇక్కడ, అలా కాదు ఇలా, దారం లాగకు, ఆవిరి పట్టు. కోడలు అన్నింటికీ అలాగే అంటోంది, సూది మాత్రం వణుకుతోంది. మా అత్తగారు కిటికీ దగ్గర నుంచి, "ఏమే పిల్లా, నేను నీకు నేర్పినప్పుడు ఇంత వాగానా?" అంది. వాగారు అన్నాను. "అందుకే నీకు రెండేళ్ళు పట్టింది," అంది.

నోరు మూసుకున్నాను. మూసుకుంటే సూది వణకడం తగ్గింది. చూస్తూ కూర్చున్నాను. కోడలు కుట్టు నా కుట్టులా లేదు. నాకంటే దగ్గరగా వేస్తుంది, నాకంటే నెమ్మదిగా వేస్తుంది. మూలలు తిప్పేచోట నేను దాటేసే ఒక కుట్టును అది దాటెయ్యదు. మూడేళ్ళుగా నా పక్కనే కుడుతున్న మనిషి చేతిని నేను అప్పుడే చూశాను.

ఐదింటికి లైబ్రేరియన్ గారు వచ్చింది. కోటు వేసుకుని, అద్దం వైపు తిరక్కుండా ముందు కళ్ళు మూసుకుంది. తర్వాత చేతులు చాచింది. గుడ్డ మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది. బెల్టుతో వేసిన పట్టీలు ముందు నుంచీ ఉన్నవేనేమో అన్నట్టున్నాయి. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నాకు కనపడింది, అంతే.

"అమ్మదిలా ఉంది. కొంచెం నాదిలా కూడా ఉంది," అంది.

కోడలు అప్పుడు ఏడ్చింది. ఈసారి ఏడుపేనని అందరికీ తెలిసింది.

కోటు వేసుకునే వెళ్ళబోతూ ఆవిడ తలుపు దగ్గర ఆగి, నా చేతి పట్టీ వైపు చూసింది. తను వదిలి వెళ్తున్న లైబ్రరీలో, పై హాల్లో వచ్చే నెల నుంచి కుట్టుపని తరగతి పెడుతున్నారట. వారానికి ఐదు రోజులు, పొద్దున పూట. నేర్పేవాళ్ళు దొరకలేదట. నేర్చుకునేవాళ్ళు చేత్తో చేస్తారు, నేర్పేవాళ్ళు నోటితో చెబితే చాలు, ఈరోజు ఇక్కడ అలాగే జరిగినట్టుంది, అంది. మా అత్తగారు గట్టిగా దగ్గింది.

"తొందరేమీ లేదు. కానీ నేను రేపు వెళ్ళిపోతాను. ఎవరి పేరు చెప్పి వెళ్ళాలో పొద్దున రైలెక్కేలోపు చెబితే చాలు."

ఆవిడ వెళ్ళాక మా ఆయన ఇస్త్రీ మొదలుపెట్టారు. "మరి కొట్టు?" అన్నారు, ఎవరితోనూ కాదు, ఎదురుగా ఉన్న చొక్కాతో. ఆరు వారాల తర్వాత నేను వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటానని ఆయన రోజులు లెక్కపెట్టుకుంటున్నారని నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ బల్లా ఈ బల్లా ఎదురెదురుగా ఉన్నాయి. ఆ లైబ్రరీ హాల్లో పొద్దుటి ఎండ పడుతుందని కూడా నాకు తెలుసు, పార్కు బెంచీ మీద నుంచి ఆ కిటికీలే కనపడతాయి.

కోడలు పైకి వెళ్ళి వచ్చింది. దాని చేతుల్లో బూడిద రంగు గుడ్డ ఉంది. పన్నెండేళ్ళ మడతలు తెల్లగీతల్లా పడి ఉన్నాయి.

"నిలబడండి అత్తయ్యా."

"ఇప్పుడెందుకే? బల్ల నిండా పని ఉంటే."

"నిలబడండి."

నిలబడ్డాను. నన్ను ఎవరైనా కొలిచి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. కోడలు పసుపు టేపు నా భుజం మీద పెట్టి మణికట్టు దాకా లాగింది, పట్టీకి తగలకుండా జాగ్రత్తగా. టేపు కొత్తది కదా, చల్లగా ఉంది.

"ఇరవై మూడు," అంది పెన్సిలు అందుకుంటూ.

"రెండు తీసెయ్," అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది.

కోడలు చీటీ మీద రాసి నాకు చూపించింది. గుండ్రటి అక్షరాలతో ఇరవై మూడు అని ఉంది.

"తియ్యను అత్తయ్యా."

కిటికీ అవతల చెట్టు సగం ఖాళీ అయింది. మిగిలిన ఆకుల మీద ఎండ ఉంది. కోడలు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్క పట్టుకుని, కొలతలు ఇచ్చే ప్రతి మనిషినీ మేం అడిగే చివరి ప్రశ్న నన్ను అడిగింది.

"ఎప్పటికి కావాలి?"

నేను గుడ్డ మీద చెయ్యి వేసి చూశాను. ఎడమ చెయ్యే.

"వచ్చే నెల మొదటి సోమవారానికి. పొద్దున్నే వేసుకోవాలి," అన్నాను.

నా వెనక ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.